ఖతర్: పాత కరీంనగర్ జిల్లా అంత దేశం తనను తాను ఎలా కాపాడుకుంటోంది?

కొడిమ్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఎవరు గల్ఫ్‌కు వెళ్లినా ‘దుబాయ్ పోయిండు’ అనే అంటారు. నిజానికి వాళ్లలో చాలామంది పనిచేసేది సౌదీలోనో, కువైట్‌లోనో, ఖతర్‌లోనో. వీటిలో ఖతర్ విస్తీర్ణం సుమారు 11,500 చదరపు కిలోమీటర్లు. అంటే జగిత్యాల, సిరిసిల్ల, పెద్దపల్లి విడిపోకముందు ఉన్న మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా అంత. జనాభా సుమారు 30 లక్షలు. అందులో సొంత పౌరులు పది మందిలో ఒకరిద్దరే. భారతీయులే 7 లక్షలకు పైగా ఉంటారు. భూసరిహద్దు ఒక్క సౌదీతోనే, సముద్రానికి అవతల ఇరాన్. ఇద్దరు పెద్దల మధ్య ఈ చిన్న దేశం ఎలా నిలబడిందన్నది మన ఇళ్లకూ సంబంధించిన విషయమే. అక్కడ గడబిడ అయితే ఇక్కడ నెల పైసలు ఆగుతాయి.

కువైట్ నేర్పిన పాఠం

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. రెండు రోజుల్లోనే దేశమంతా దాని చేతిలోకి పోయింది. కువైట్‌కు చమురుంది, డబ్బుంది, అయినా ఆపలేకపోయింది. దాదాపు 1.70 లక్షల మంది భారతీయులను విమానాల్లో వెనక్కి తేవాల్సి వచ్చింది. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు.

1971 సెప్టెంబర్ 3న బ్రిటన్ నీడ నుంచి బయటపడి స్వతంత్రమైన ఖతర్ దీన్ని బాగా గమనించింది. 1992లో అమెరికాతో రక్షణ ఒప్పందం చేసుకుంది. దోహా దగ్గరి అల్ ఉదైద్ స్థావరం తర్వాత ఆ ప్రాంతంలో అమెరికాకు అతిపెద్ద సైనిక కేంద్రమైంది.

గ్యాస్, టీవీ, మధ్యవర్తిత్వం

ఒక్కరి అండ చాలదని ఖతర్‌కు తెలుసు. అందుకే వీలైనంత మందికి అవసరమైన దేశంగా మారాలని చూసింది. 1995లో అధికారంలోకి వచ్చిన షేక్ హమద్ బిన్ ఖలీఫా అల్ థానీ కాలంలో ఈ ఆలోచన ఊపందుకుంది. సముద్రంలోని నార్త్ ఫీల్డ్ గ్యాస్‌ను ద్రవంగా మార్చి ఓడల్లో జపాన్, కొరియా, భారత్‌లకు పంపడం మొదలైంది. ఈ గ్యాస్ క్షేత్రాన్ని ఇరాన్‌తో పంచుకోవాలి కాబట్టి ఇరాన్‌తోనూ ఖతర్ మాటలు తెంచుకోదు. మన దేశపు పెట్రోనెట్ సంస్థ ఏటా 75 లక్షల టన్నులు కొనే ఒప్పందాన్ని 2024 ఫిబ్రవరిలో 2048 వరకు పొడిగించింది.

1996లో అల్ జజీరా చానల్ వచ్చింది. దానితో ఖతర్ పేరు ఇంటింటికీ చేరింది. గొడవపడే వాళ్లిద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టడం ఖతర్ ఎంచుకున్న మరో దారి. అమెరికా, తాలిబన్ ఒప్పందం 2020 ఫిబ్రవరి 29న దోహాలోనే జరిగింది. గాజా కాల్పుల విరమణ చర్చల్లోనూ ఖతర్ మధ్యవర్తిగా ఉంది.

2017 దిగ్బంధం

2017 జూన్ 5న సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఖతర్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. ఉన్న ఒక్క రోడ్డు సరిహద్దు మూతపడింది. తిండి సామానులో పెద్ద భాగం వచ్చేది ఆ దారినే. ఖతర్ టర్కీ, ఇరాన్, ఒమన్‌ల వైపు తిరిగింది. పాల కోసం ఆవులను విమానాల్లో తెప్పించింది. కొత్త హమద్ ఓడరేవును నేరుగా వాడుకుంది. పెట్టిన 13 డిమాండ్లకు తలొగ్గకుండానే 2021 జనవరిలో అల్ ఉలా ఒప్పందంతో బయటపడింది.

పేరు కోసం మారిన చట్టం

ఈ కథలో మన కార్మికుల పాత్ర కూడా ఉంది. 2022 ప్రపంచ కప్ ఏర్పాట్లలో కార్మికుల కష్టాలు, మరణాలు ప్రపంచం దృష్టికి వచ్చాయి. ఇతర దేశాల్లో మంచి పేరే రక్షణగా భావించే దేశం ఆ విమర్శను పట్టించుకోక తప్పలేదు. 2020 చట్టాలతో పాత యజమాని ఎన్‌ఓసీ లేకుండా పని మారే హక్కు వచ్చింది. రెండేళ్లలోపు పనిచేస్తే నెల, అంతకు మించితే రెండు నెలల నోటీసు చాలు. 2021 మార్చి నుంచి కనీస జీతం 1,000 రియాళ్లు. కంపెనీ వసతి ఇవ్వకపోతే మరో 500, తిండి పెట్టకపోతే 300 ఇవ్వాలి. అమలు అన్నిచోట్లా ఒకేలా లేదు. కానీ కాగితంపై హక్కు ఉంటే అడగడానికి ఆధారం దొరుకుతుంది.

2025 చూపిన హద్దు

2025 జూన్ 23న ఇరాన్ అల్ ఉదైద్‌పై క్షిపణులు వేసింది. కాసేపు గగనతలం మూసేశారు. సెప్టెంబర్ 9న హమాస్ నేతలే లక్ష్యంగా ఇజ్రాయెల్ దోహాపైనే దాడి చేసింది. అమెరికా స్థావరం ఉన్నా దాడి ఆగలేదు, పైగా ఆ స్థావరమే ఒకసారి గురి అయింది. ఆ తర్వాత ఖతర్ భద్రతకు హామీ ఇస్తూ అమెరికా అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చారు. ఎంతమంది స్నేహితులున్నా చిన్న దేశానికి పూర్తి భరోసా ఉండదని ఆ ఏడాది చూపించింది.

మన ఇంటి లెక్క

అంత డబ్బున్న దేశమే ఒక్క అండపై ఆధారపడటం లేదు. అక్కడికి వెళ్లే కొడుకు ఉన్న ఇల్లూ అలాగే ఆలోచించాలి. విజిట్ వీసాపై కాకుండా ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వెళ్తే ప్రవాసీ భారతీయ బీమా యోజన వర్తిస్తుంది. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయల వరకు వస్తుంది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియాను తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించింది. పాస్‌పోర్ట్, వీసా, ఒప్పందం నకళ్లు ఇంట్లో ఒక జత ఉండాలి. ఆపద వచ్చిననాడు ముందు అడిగేది ఆ కాగితాలనే.