రంగంపేట వీధికి గేటెందుకు లేదు

ఆట చుట్టూ గోడ మొదట లేచింది చూసేవాళ్ల సుఖం కోసం కాదు, వసూలు కోసం. 1862లో బ్రూక్లిన్‌లో విలియం కామెయర్ అనే వ్యాపారి, చలికాలంలో స్కేటింగ్ ఆడించే తన స్థలాన్ని చదును చేయించి, చుట్టూ దడి కట్టి, బేస్‌బాల్ చూడాలంటే మనిషికి 10 సెంట్లు పెట్టాడు. అమెరికా స్టేడియాలకు మూలం ఆ దడే. చంద్రగిరి మండలం ఎ.రంగంపేటలో కనుమనాటి పశువుల పండుగకు మాత్రం ఈనాటికీ దడి లేదు, టిక్కెట్టు లేదు. దీన్ని వెనకబాటు కింద జమకట్టేవాళ్లున్నారు. అక్కడ అమ్మకానికి ఏమీ పెట్టలేదు గనకే గోడ అవసరం పడలేదని నేనంటాను.

బయటివాళ్లు దీన్ని జల్లికట్టు అంటారు గానీ, తమిళనాట మూపురం పట్టుకుని వేలాడే పోటీకీ దీనికీ తేడా ఉంది. ఇక్కడ కొమ్ములకు రంగులు పూసి, వాటికి పలకలు కడతారు. పలకల మీద దేవుళ్లతోపాటు సినిమా హీరోలూ రాజకీయ నాయకులూ ఉంటారు (ఏ ఏడు ఎవరి గాలి వీస్తోందో పలకలే చెబుతాయి). డప్పులు మోగుతుండగా పశువులను గుంపులుగా వీధిలోకి తోలితే, కుర్రాళ్లు ఎదురెళ్లి పలకలు లాక్కుంటారు. చూసే జనం మేడల మీద, ప్రహరీల మీద, చెట్ల మీద. వదిలినవాడూ, ఎదురెళ్లినవాడూ, మేడెక్కినవాడూ ఒకే ఊరివాళ్లో, ఆ ఊరి చుట్టాలో. షికాగోలో 1914 నాటి బేస్‌బాల్ మైదానం రిగ్లీ ఫీల్డ్ ఎదుట కూడా ఇలాగే మిద్దెలెక్కి ఆట చూసేవాళ్లు. ఆ మిద్దెలు వ్యాపారాలయ్యాయి. 2004లో రాబడిలో 17 శాతం జట్టుకిచ్చేలా ఒప్పందం కుదిరింది. చూపుకు ధర కట్టాక మిద్దె కూడా గోడకు లోపలిదే అయిపోతుంది.

గోడ ఉంటే ప్రాణాలకు భద్రత కదా అంటారు. నిజమే, వీధిలో ఏటా దెబ్బలు తగులుతున్నాయి. కానీ గోడ కట్టినంత మాత్రాన భద్రత రాలేదు: బంతి తగిలి ప్రేక్షకులు గాయపడుతూనే ఉంటే, అమెరికా పెద్ద బేస్‌బాల్ లీగు 30 మైదానాల్లోనూ రక్షణ వలలు పొడిగించింది 2020 నాటికి గానీ కాదు. ఇంతకన్నా బరువైన అభ్యంతరం పశువు తరఫున వచ్చేది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును నిషేధించింది పశువు బాధను లెక్కలోకి తీసుకునే. మాది జల్లికట్టు కాదు, పశువుల పండుగ అని ఊళ్లవాళ్లు ఇచ్చే జవాబు, బెదిరిన కోడెకు జవాబు కాదు. వీధి తెరిచి ఉందన్న గొప్ప దాని బాధను తగ్గించదు. ఇక్కడ నా వాదన ఆగిపోతుంది.

ఆ నిషేధాన్ని దాటడానికి తమిళనాడు 2017లో చట్టం సవరించుకుంది, 2023లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది, 2024 జనవరిలో అలంగానల్లూరు దగ్గర కీళకరైలో ఆ రాష్ట్రం జల్లికట్టుకు ఏకంగా స్టేడియమే తెరిచింది. వైద్యం, పర్యవేక్షణ, కూర్చునే వరుసలు, అన్నీ కుదిరాయి. రంగంపేటకూ అలాంటిది కావాలని ఎవరైనా అడిగితే, ముందు తేల్చాల్సింది ఖర్చు కాదు. ఇంట్లో కట్టేసిన ఆవును తోలుకొచ్చే రైతును ఏ గేటులోంచి పంపాలి, ఆటగాళ్ల వైపా, ప్రేక్షకుల వైపా?