రైలు మాటలు ఎవరు వినాలె?

నెల్లికుదురుకు రైలు రాదు. మానుకోటకో కేసముద్రానికో పోయి ఎక్కాల్సిందే. అయినా రేడియో రిపేరు కొట్టు పెట్టుకున్నోణ్ని కనుక రైలు ప్రశ్నలు కూడా నా దగ్గరికే వస్తుంటయి. ఈ మధ్య కాలేజీ పిల్లలు ఒకటే అడుగుతున్నరు: డ్రైవరూ గార్డూ వాకీటాకీల మాట్లాడుకునేది వినాలంటే చేతిల పట్టే స్కానరు ఏది కొనాలె, తక్కువ ధరల ఏది మంచిది? అమెరికాల ఉన్న మా మేనల్లుడైతే, "మోడల్ చెప్పు మామా, వచ్చేటప్పుడు నేనే తెస్తా" అంటడు. మోడల్ సంగతి తర్వాత. ముందు మానుకోట, కేసముద్రం మీదుగ పోయే ఈ లైను మీద మాట ఎట్లా నడిచిందో చెప్పాలె.

నిజాం రైల్వే 1874ల వాడి నుంచి సికింద్రాబాద్ దాక వచ్చింది. అక్కడి నుంచి వరంగల్, డోర్నకల్ మీదుగా 1889 నాటికి బెజవాడ చేరింది. ఇల్లెందు బొగ్గు కోసం డోర్నకల్ నుంచి ఒక కొమ్మ లైను పడ్డది. మొదట్ల ఉన్నది ఒంటి పట్టాలే. ఎదురుబొదురు రెండు బండ్లు రావద్దంటే స్టేషన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలె. ఆ మాట తీగల మీద మోర్సు టక్కుటక్కుగా, బ్లాకు యంత్రం గంట దెబ్బలుగా నడిచేది. అవతలి స్టేషను ఒప్పుకుంటేనే యంత్రంల నుంచి ఇనుప గుండు బయటికి వచ్చేది. దాన్ని తోలు సంచిల వేసి, పెద్ద రింగుకు తగిలించి, పోయే ఇంజను మీది మనిషికి అందించేటోళ్లు. గుండు చేతికి రాంది డ్రైవరు ముందుకు పోవద్దు. అదే లైన్ క్లియర్. ప్లాట్‌ఫారం మీద వేలాడదీసిన పట్టా ముక్క మీద సుత్తె దెబ్బ పడ్డదంటే ఊరోళ్లకు కూడా కబురు అందినట్టే. రైలు మాట వినడానికి అప్పుడు ఎవరికీ పెట్టె అక్కర రాలేదు.

తర్వాత కంట్రోల్ ఫోను వచ్చింది. సికింద్రాబాద్‌ల కూర్చున్న సెక్షన్ కంట్రోలరు ఒకే తీగ మీద వరుస స్టేషన్లన్నిటితో మాట్లాడుతడు. ముందర పెద్ద కాగితం పరుచుకొని, ఏ బండి ఎక్కడున్నదో రంగు పెన్సిళ్లతో గీతలు గీస్తడు. అందరిదీ ఒకే తీగ కనుక ఒక మాస్టరు మాట ఇంకో మాస్టరు వినొచ్చు. గేటు గుడిసెల ఫోను ఇంకో తీరు. బండి వస్తున్నదని స్టేషను చెప్తది, గేటు వేసిన అని గేట్‌మన్ చెప్తడు, ప్రైవేటు నంబరు ఇచ్చి పుచ్చుకొని ఇద్దరూ పుస్తకంల రాసుకుంటరు. ఆ నంబరు రాసి ఉంటే, నేను చెప్పలే, నువ్వు వినలే అన్న పంచాయితీకి తావు లేదు. రైల్వే చేసిన మంచి పనులల్ల నేను దీన్ని ముందు వరుసల పెడుత.

స్టేషన్లకు నడుమ, చెల్కల పక్క బండి ఆగిపోతే? గార్డు దగ్గర ఒక ఫోను పెట్టె, పొడుగు కర్రలు ఉండేటియి. కర్రల కొసలున్న కొక్కేలను పట్టాల పక్క పోయే తీగలకు తగిలించి కంట్రోల్‌తో మాట్లాడేటోడు. 1980లల్ల మన లైను మీదికి 25 వేల వోల్టుల కరెంటు తీగ వచ్చింది. అంత కరెంటు పక్కన ఫోను తీగలుంటే వాటిలకు కూడా వోల్టేజీ ఎక్కుతది, మాటకు బదులు గుయ్యిమన్న మోతే వినిపిస్తది. అందుకే ఫోను తీగలన్నీ కేబుళ్లై భూమిలకు పోయినయి. కర్రల కాలం పోయి, పట్టాల వెంబడి సాకెట్లు వచ్చినయి. గార్డు తన ఫోను తెచ్చి అండ్ల గుచ్చుతె చాలు. ఆ రోజుల్లనే నాకు కొత్త గిరాకీ మొదలైంది. కేసముద్రం దిక్కు నుంచి మీడియం వేవ్ రేడియోలు పట్టుకొచ్చి, బండి వచ్చినప్పుడల్ల చిటపటమంటున్నది, బాగు చెయ్యమనేటోళ్లు. రేడియో మంచిగనే ఉన్నది, ఇంజను నెత్తిమీది పాంటోగ్రాఫు దగ్గర లేచే నిప్పురవ్వల చప్పుడది అంటే నమ్మేటోళ్లు కాదు.

వాకీటాకీలు అందరికన్న వెనక వచ్చినయి. డ్రైవరు దగ్గర, గార్డు దగ్గర 5 వాట్లవి, స్టేషన్ల 25 వాట్లవి. గార్డును 2022 నుంచి ట్రైన్ మేనేజరు అంటున్నరు, మా నోటికి మాత్రం గార్డే. పచ్చ జెండా, ఈల, రాత్రి దీపం పోలేదు గానీ, వాటి పక్కకు మాట వచ్చి చేరింది. ఇది గాలిల పోయే మాట, అందరి నెత్తిమీది నుంచీ పోతది. పిల్లల ఆశ ఇక్కడనే పుట్టింది.

మేనల్లుడు చెప్పేది అబద్ధం కాదు. అమెరికా రైల్వేలు 160, 161 మెగాహెర్ట్జ్ దగ్గర మాట్లాడుకుంటయి. అక్కడ స్కానరు పట్టుకొని పట్టాల పక్క కూర్చునేటోళ్లు ఎందరో. స్కానరు ఒక చానల్ నుంచి ఇంకో చానల్‌కు దుంకుతూ, మాట ఉన్న చోట ఆగుతది, అంతే. కొనే లెక్క అక్కడైతే సులువు: వినడానికే తప్ప మాట్లాడటానికి పనికిరాని సెట్టు తీసుకోవాలె, యాంటెన్నా మార్చుకునే వీలుండాలె, బ్యాటరీ బయట దొరికేదై ఉండాలె. డబ్బులు మిగిలితే సెట్టు మీద కాదు, యాంటెన్నా మీద పెట్టాలె.

మన దగ్గర లెక్క వేరే. 1933 వైర్‌లెస్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండ వైర్‌లెస్ పెట్టె దగ్గర ఉంచుకునుడే నేరం. పాటలు, వార్తలు వినే రేడియోకు కూడా పోస్టాఫీసుల ఏడాదికి 15 రూపాయలు కట్టి, లైసెన్సు పుస్తకంల ముద్ర వేయించుకున్న కాలం పెద్దోళ్లకు యాదికుంటది. అది 1980లల్ల పోయింది. ఇంటి రేడియోకు వచ్చిన ఆ మినహాయింపు పోలీసు, రైల్వే మాటలు పట్టే పెట్టెలకు రాలేదు. 2023 టెలికమ్యూనికేషన్ చట్టంలనూ అనుమతి లేని రేడియో పరికరానికి జరిమానా ఉన్నది. అనుమతి లేకుండ ఇతరుల సందేశాలను పట్టుకుంటే మూడేళ్ల దాక జైలు. ఆన్‌లైన్ల అమ్ముతున్నరు కద అని పిల్లలు వాదిస్తరు. అమ్మేటోడు అమ్మి పోతడు, పెట్టె మాత్రం నీ చేతిల ఉంటది.

చట్టం ఒక పక్క పెట్టినా, నాకు ఇంకో భయం ఉన్నది. ఆన్‌లైన్ల స్కానరు పేరు మీద చవకగ వచ్చేటియి చాలామటుకు స్కానర్లు కావు, మాట్లాడే వాకీటాకీలు. రైల్వే చానల్ మీద ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు వినాలె, ఇద్దరు ఒక్కసారి బటన్ నొక్కితే ఇద్దరి మాటా చెడుతది. 2024 సెప్టెంబరు 1న మన కేసముద్రం, ఇంటికన్నె నడుమ వరదకు కంకర కొట్టుకపోయి పట్టాలు గాలిల వేలాడినయి. ఎక్కడి బండ్లు అక్కడ ఆగినయి. అసొంటి రాత్రి సరదాకు ఒక పిల్లగాడు బటన్ నొక్కితే, ఆపు అన్న మాట డ్రైవరుకు చేరకపోవచ్చు. దక్షిణ మధ్య రైల్వేనే ముందుగ పెట్టుకొని నడుపుతున్న, బండ్లు గుద్దుకోకుండ ఆపే కవచ్ కూడా రేడియో మీదనే ఇంజనుకు కబురు చెప్తది. గాలిని ఖాళీగ ఉంచుడు మన పానానికే మంచిది.

అందుకే మేనల్లునికి మోడల్ చెప్పలేదు, తేవద్దన్న. బండి ఎక్కడున్నదో తెలుసుకోవాలంటే 139 ఉన్నది, రైల్వే వాళ్ల ఎన్‌టీఈఎస్ యాప్ ఉన్నది. గాలిల మాట పట్టుడే సోకు అయితే షార్ట్‌వేవ్ పట్టే చిన్న రేడియో కొనుక్కోండి, రాత్రి డాబా మీద నాలుగు మీటర్ల వైరు కట్టి దూరదేశాల స్టేషన్లు వినండి. ఇంకా కావాలంటే అమెచ్యూర్ రేడియో, అంటే హామ్ లైసెన్సు పరీక్ష రాయండి. దానితోని రైల్వే మాటలు వినొచ్చని కాదు, మీకంటూ హక్కున్న చానళ్లు దొరుకుతయి, మాట్లాడొచ్చు కూడ. హైదరాబాద్‌ల 1983 నుంచి దీన్ని నేర్పే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉన్నది. పన్నెండేళ్లు నిండినోళ్లు ఎవరైనా ఆ పరీక్షకు కూర్చోవచ్చు.