ఖాళీ టైములో చేసే పనేనా? నరసాపురం లేసు, మన క్రోషియా కమ్మలు



ఉగాది మేళాలో మన సంఘం స్టాలు మీలో చాలామంది చూశారు. నాలుగు నెలలుగా ఆదివారం మధ్యాహ్నాలు హాల్లో కూర్చుని క్రోషియా నేర్చుకున్న పదకొండుమందిమి మేమే. అందులో మగవాళ్ళం ఇద్దరం. చిక్‌పేటకు వెళ్ళి దారం ఉండలు, కొక్కెం సూదులు తెచ్చుకున్నాం. మొదటి నెలంతా గొలుసు కుట్టు తప్ప ఇంకేమీ రాలేదు. లూపులోంచి లూపు లాగడమే కదా అనుకున్నాం గానీ, ఒకటి బిగుతుగా, ఒకటి వదులుగా వస్తే పువ్వు వంకరపోతుంది, మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. తర్వాత లోహపు రింగు చుట్టూ అల్లడం, దాని మీద రేకులు వేయడం, గంజి పెట్టి ఆరబెట్టడం, చెవి కొక్కెం తగిలించడం ఒక్కొక్కటే పట్టుబడ్డాయి. మేళా నాటికి నలభై జతల కమ్మలు తయారయ్యాయి.

జత నూరు రూపాయలని పెట్టాం. ఒకావిడ వచ్చి, "ఏం అక్కా, ఖాళీ టైములో చేసేవే కదా, తగ్గించి ఇవ్వండి" అన్నారు. మాలోనే పెద్దావిడ ఒకరు, "నిజమే లేమ్మా, ఊరికే కూర్చునే బదులు చేస్తున్నాం" అని ఎనభైకి ఇచ్చేశారు. ఆ తర్వాత అందరికీ అదే ధర. నలభై జతలూ సాయంత్రానికి అయిపోయాయి. అందరం సంతోషించాం.

ఇంటికొచ్చి లెక్క రాసుకున్నాం. రైల్వేలో ఏళ్ళ తరబడి ఓవర్‌టైమ్ బిల్లులు రాసిన అలవాటు ఎక్కడికి పోతుంది? దారం, రింగులు, కొక్కేలు, అట్ట, కవరు కలిపి జతకు 25 రూపాయలు. అల్లడానికి, ఆరబెట్టి బిగించడానికి రెండున్నర గంటలు. 80లోంచి 25 తీస్తే 55. అంటే గంటకు 22 రూపాయలు. బెంగళూరులో ఆటో ఎక్కి కూర్చున్నందుకే అంతకంటే ఎక్కువ ఇస్తాం.

మాలో ఒకావిడ కాలక్షేపానికి రాలేదు. ఇంటి అద్దెకు ఎంతో కొంత చేరుతుందని వచ్చారు. ఈ లెక్క చెప్పాక రెండు ఆదివారాలు కనబడలేదు. అప్పుడే 'ఖాళీ టైము' అన్న మాట మమ్మల్ని పట్టుకుంది. ఆ మాట వెనక పెద్ద చరిత్రే ఉంది. అది ఎక్కువగా మన తెలుగు గడ్డ మీదే జరిగింది.

కొక్కెంతో దారం అల్లడం యూరప్‌లో 19వ శతాబ్దంలో బాగా వ్యాపించింది. 1845 నుంచి ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట కుళ్ళిపోయి ఘోరమైన కరువు వచ్చింది. అప్పుడు కాన్వెంటు సన్యాసినులు ఆడవాళ్ళకూ పిల్లలకూ క్రోషియా నేర్పారు. ఒక సూది, ఒక దారం ఉండ చాలు, పెట్టుబడి అక్కర్లేదు. ఐరిష్ క్రోషియా అని పేరు పడిన ఆ లేసు ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. ఆకలి వచ్చినప్పుడు నేర్చుకున్న పని అది, తీరిక దొరికి నేర్చుకున్నది కాదు.

ఇది రాస్తున్న మాది తమిళ మీడియం చదువు, తెలుగులో తప్పులుంటే మన్నించాలి. లేసు అనగానే మాకు ముందు గుర్తొచ్చేది నాగర్‌కోయిల్. అప్పట్లో అది తిరువాన్కూరు సంస్థానంలో ఉండేది. 1820ల్లో అక్కడ లండన్ మిషనరీ సొసైటీకి చెందిన మార్తా మాల్ట్ అనే ఆవిడ ఆడపిల్లల బడి పెట్టి లేసు నేర్పారు. అది క్రోషియా కాదు, దిండు మీద పుల్లలకు చుట్టిన దారాలతో అల్లే రకం. ఆ పిల్లల్లో బానిస కుటుంబాల వాళ్ళు కూడా ఉన్నారు. లేసు డబ్బుతో తమ విడుదల తామే కొనుక్కున్నవాళ్ళు ఉన్నారని మిషను చరిత్రలు చెబుతాయి. అక్కడ ఆ డబ్బును కాలక్షేపం సంపాదన అని ఎవరూ అనలేరు.

ఇక మన నరసాపురం. పశ్చిమ గోదావరి జిల్లాలో, గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉన్న ఊరు. 1844లో మెక్రే దంపతులనే స్కాట్లండ్ మిషనరీలు అక్కడి ఆడవాళ్ళకు లేసు అల్లిక నేర్పారని ఊరు చెప్పుకునే కథ. మొదట క్రైస్తవంలో చేరిన పేద కుటుంబాల ఆడవాళ్ళు నేర్చుకున్నారు. తర్వాత గడప దాటి పనికి వెళ్ళని కులాల ఇళ్ళలోకీ సూది వెళ్ళింది. ఇంట్లోనే కూర్చుని చేసుకోవచ్చు, పరువు పోదు. 20వ శతాబ్దంలో ఆ లేసు ఓడలెక్కి విదేశాలకు వెళ్ళింది. టేబుల్ గుడ్డలు, దుప్పట్లు, దిండు గలీబులు.

పని నడిచే తీరు ఇదీ: వ్యాపారి దారం కొంటాడు, ఏజెంటు దాన్ని ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి ఇస్తాడు. ఒకరు పువ్వులు అల్లితే అది చేతిపని, ఆ పువ్వులన్నీ కలిపితే అది అతుకుపని. ఎంత దారం అల్లారో దాన్నిబట్టి కూలి. ఎన్ని గంటలు పట్టిందన్నది ఏ కాగితం మీదా ఉండదు. పువ్వు అల్లినావిడకు ఆ గుడ్డ ఏ దేశం వెళ్ళిందో, ఎంతకు అమ్మారో తెలియదు.

1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం ప్రాంతంలో ఉండి ఈ పని మీద పరిశోధన చేశారు. 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం వచ్చింది. ఇంటి పని ముగించుకుని రోజుకు ఆరు, ఎనిమిది గంటలు సూది పట్టుకున్నా, ఆ ఆడవాళ్ళకు దక్కేది రూపాయిలోపేనని ఆవిడ లెక్కగట్టారు. ఎగుమతిదారులు మాత్రం బాగుపడ్డారు. ఇది ఎలా సాధ్యమైంది? ఆవిడ చెప్పిన కారణం చాలా సూటిగా ఉంటుంది. వీళ్ళు కార్మికులు కారు, గృహిణులు, తీరిక వేళలో ఏదో అల్లుకుంటున్నారు అని అందరూ నమ్మారు. వ్యాపారులు నమ్మారు, ప్రభుత్వం నమ్మింది, ఇంట్లో మగవాళ్ళు నమ్మారు, చివరికి అల్లేవాళ్ళు కూడా నమ్మారు. కార్మికురాలు కాకపోతే కనీస వేతనం అడిగేది ఎవరు?

మా స్టాల్లో పెద్దావిడ అన్న మాట అదే. ఆవిడ తప్పు కాదు. మాలో ఎవరున్నా అదే అనేవాళ్ళం.

ఇంకో సంగతి తెలిసి మాకు ఆశ్చర్యం వేసింది. స్వెట్టరుకు మిషను ఉంది, మామూలు లేసుకు ఎప్పుడో మిషను వచ్చింది. బజారు సరుకుగా అసలైన క్రోషియాను అల్లే మిషను మాత్రం ఇంకా వాడుకలోకి రాలేదు. బజారులో దొరికే చవక సరుకులో కొంత దాన్ని పోలిన మిషను లేసు, నరసాపురానికి దెబ్బ కొట్టింది అలాంటిదే. మిగతాది నిజంగా క్రోషియానే అయితే, ఎక్కడో ఎవరో చేతితో అల్లారన్నమాట. ధర మరీ తక్కువైతే ఆ తగ్గింది ఎక్కువగా ఆ చేతి కూలిలోనే.

2024లో నరసాపురం క్రోషియా లేసుకు జి.ఐ. ట్యాగ్ వచ్చింది. మనందరికీ గర్వం. కానీ ఆ ట్యాగ్ కాపాడేది పేరును. నరసాపురం లేసు అని ఇంకెవరూ అమ్ముకోకూడదు, అంతే. పువ్వుకు కూలి ఎంతో అది చెప్పదు. అది ధర వేసేవాళ్ళ చేతిలో ఉంది. మన చిన్న స్టాలు వరకు, ధర వేసేది మనమే. మధ్యలో ఏజెంటు లేడు, ఎగుమతిదారుడు లేడు. తక్కువ ఇచ్చారని ఇంకెవరినీ అనలేం.

అందుకని ఒక ప్రతిపాదన పెడుతున్నాం. గంటకు 60 రూపాయలు వేసుకుందాం. రెండున్నర గంటలకు 150, సరుకు 25, జత 175. ఆ ధరకు నలభై జతలు పోవు, మాకు తెలుసు. పదిహేను పోయాయనుకోండి. మన చేతికి 2,250 మిగులుతుంది, ముప్పై ఏడున్నర గంటల పనికి. మేళాలో నలభై జతలకు మిగిలింది 2,200, నూరు గంటల పనికి. లెక్క మీరే చూసుకోండి.

రెండోది, ప్రతి అట్ట వెనక అల్లినవారి గంటలు రాద్దాం. పేరు అక్కర్లేదు. 'రెండున్నర గంటలు' అని చాలు. బేరం ఆడేవాళ్ళు ఆడనీ, అది చదివాక ఆడతారు.

అద్దె కోసం వచ్చిన ఆవిడకు ఈ లెక్క ఫోనులో చదివి వినిపించాం. వచ్చే ఆదివారం వస్తానన్నారు. మీరూ రండి, మగవాళ్ళు కూడా. సూదులు మా దగ్గర ఉన్నాయి. ధర ఎక్కువ అనిపించినవాళ్ళు కింద తప్పకుండా రాయండి, అక్కడే మాట్లాడుకుందాం.