గాలి తీసిన చక్రాలు

రెండేళ్ళ కిందట మా బావ ఆఫ్‌రోడ్ బండి కొన్నాడు. దాంతో వచ్చిన టైర్లు 245/75 ఆర్16. "చక్రాలు మరీ చిన్నగా ఉన్నాయిరా" అని వాటిని తీయించి, 20 అంగుళాల అల్లాయ్ చక్రాలు వేయిద్దామనుకున్నాడు. లెక్క చూసే పని నాకు అప్పజెప్పాడు. ఎక్సెల్ షీట్‌లో రెండు నిమిషాల పని. 255/50 ఆర్20 వేస్తే చక్రం మొత్తం ఎత్తు 774 మిల్లీమీటర్ల నుంచి 763కి తగ్గుతుంది. స్పీడోమీటర్‌లో తేడా ఒకటిన్నర శాతం లోపే. "పర్లేదు బావా, వేయించెయ్" అన్నాను.

ఆ సంక్రాంతికి బాపట్ల వెళ్ళినప్పుడు, సూర్యలంక బీచ్ దగ్గర రోడ్డు దిగిన ఇరవై అడుగుల్లోనే బండి పొడి ఇసుకలో కూరుకుపోయింది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా లోపలికి పోతోంది. వలలు సర్దుకుంటున్న ఒక పెద్దాయన వచ్చి చూసి, "ముందు గాలి తియ్యండి బాబూ" అన్నాడు. తీశాం. ఇంకాస్త తీద్దామంటే రిమ్ము ఇసుకకి ఆనేలా ఉంది. ఆఖరికి ట్రాక్టర్ తెచ్చి లాగించాల్సి వచ్చింది. తప్పు టైర్లు అమ్మినవాడిది కాదు, నాదే. నా షీట్‌లో ఒక కాలమ్ లేదు.

ఆ కాలమ్ ఏమిటో తర్వాత అనుకోకుండా దొరికింది. 'ఇంగ్లీష్ పేషెంట్' నవల చదివి, అసలు ఈ ఆల్మాషీ ఎవరా అని వెతుకుతూ పోతే రాల్ఫ్ బాగ్నోల్డ్ తగిలాడు.

బాగ్నోల్డ్ బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరు. 1920లలో ఈజిప్టులో ఉద్యోగం. సెలవులొస్తే స్నేహితులతో కలిసి ఫోర్డ్ కార్లేసుకుని ఎడారిలోకి పోవడం ఆయన సరదా. మొదట్లో వాడినవి మోడల్ టి కార్లు. ఆ కార్ల తొలినాటి ముందు టైరు వెడల్పు 3 అంగుళాలు, వెనకది మూడున్నర. మొత్తం చక్రం ఎత్తు 30 అంగుళాలు. అంటే పెద్ద రిమ్ము చుట్టూ సన్నటి రబ్బరు. అందులో దాదాపు 60 పౌండ్ల ఒత్తిడితో గాలి నింపేవాళ్ళు. గుర్రపుబండి చక్రానికి రబ్బరు తొడిగినట్టే. అలాంటిది ఇసుక మీద నడవదు, ఇసుకని కోస్తుంది.

1920ల మధ్యలో 'బెలూన్' టైర్లొచ్చాయి. రబ్బరు లావు, గాలి ఒత్తిడి తక్కువ. ఫోర్డ్ కార్ల టైరు సైజులు వరసగా చూస్తే ఆ కాలపు ఆలోచన అర్థమవుతుంది. 1925లో 4.40-21. 1928 మోడల్ ఎకి 4.50-21. 1930లో 4.75-19. రెండో ప్రపంచయుద్ధం నాటి జీపుకి 6.00-16. మొదటి అంకె రబ్బరు లావు, రెండోది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాల్లోనే. ఒకటి పెరుగుతోంది, ఇంకొకటి తగ్గుతోంది. ఇనుము చిన్నదై గాలికి చోటిస్తోంది.

ఈ చోటు ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్క. బండి బరువు 1800 కిలోలనుకుందాం. ఒక్కో చక్రం మీద 450 కిలోలు. టైరులో గాలి 32 పౌండ్లుంటే, ఆ బరువు మోయడానికి టైరు నేలని సుమారు 200 చదరపు సెంటీమీటర్ల మేర తాకుతుంది. పోస్టుకార్డున్నర అంత. గాలిని 16 పౌండ్లకి దించితే ఆ జాగా రెట్టింపవుతుంది, మూడు పోస్టుకార్డులు. అది వెడల్పులో కన్నా పొడవులో ఎక్కువ పెరుగుతుంది. అలా సాగాలంటే రిమ్ముకీ నేలకీ మధ్య టైరు నలగడానికి ఎత్తుండాలి. నేను ఎక్సెల్‌లో మరిచిపోయింది ఆ ఎత్తునే. పాత టైరుకది 184 మిల్లీమీటర్లు, కొత్తదానికి 127. చక్రం ఎత్తు మారలేదని మురిసిపోయాను గానీ, లోపల రెండంగుళాల పైన గాలి పోయి లోహం వచ్చింది.

బాగ్నోల్డ్ బృందం ఇలాంటివన్నీ కూరుకుపోతూనే నేర్చుకుంది. మెత్తటి ఇసుక రాగానే గాలి తియ్యడం, రాళ్ళ నేల రాగానే మళ్ళీ కొట్టడం. తక్కువ గాలితో రాళ్ళ మీద పోతే టైరు పక్కలు తెగుతాయి, వేగంగా పోతే వేడెక్కి పాడవుతాయి. కైరోలో పాత సామాను అంగట్లో దొరికిన ఇనప రేకుల్ని చక్రాల కింద వేసి బండి లేపడం కూడా వాళ్ళ పద్ధతే. 1930 నాటికి మోడల్ ఎ కార్లతో మహా ఇసుక సముద్రంలోని దిబ్బలెక్కేశారు. అప్పటిదాకా అక్కడ కార్లు నడవవనే అందరి నమ్మకం.

1940లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. జనరల్ వేవెల్ అనుమతితో బాగ్నోల్డ్ లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్‌ని నిలబెట్టాడు. సెలవుల సరదా సైనిక విద్య అయింది. వాళ్ళు తొలుత ఎంచుకున్నవి నాలుగు చక్రాలూ తిరిగే బళ్ళు కావు, వెనక చక్రాలు మాత్రమే తిరిగే షెవ్రొలే ట్రక్కులు. మధ్యలో నాలుగు చక్రాలూ తిరిగే ఫోర్డ్ ట్రక్కులు వాడి చూశారు. బరువెక్కువ, పెట్రోలు తాగేవి. 1942లో మళ్ళీ షెవ్రొలేలకే వచ్చారు. లావు టైర్లు, తక్కువ గాలి, తెలిసిన డ్రైవరు ఉంటే చాలా దూరం పోవచ్చని రుజువు చేశారు.

అదే 1942లో ఆల్మాషీ, ఒకప్పుడు ఇదే ఎడారిలో తిరిగిన అన్వేషకుడు, జర్మన్ గూఢచారుల్ని ఈజిప్టులోకి దింపడానికి అదే ఇసుక దాటాడు. వాడింది బ్రిటిష్ వాళ్ళ దగ్గర పట్టుకున్న ఫోర్డ్ బళ్ళు. నాకు ఈ చోట కాస్త దిగులేసింది. సరదాగా కూడబెట్టిన తెలివి ఎవరి చేతికైనా పోతుంది. ఇసుక మాత్రం జెండా చూడదు, టైరులో ఎంత గాలుందో చూస్తుంది.

అమెరికన్లు అదే ఏడాది డక్ అనే నేలా నీళ్ళూ నడిచే ట్రక్కు తెచ్చారు. డ్రైవరు సీట్లోంచే టైర్లలో గాలి పెంచి తగ్గించే ఏర్పాటు అందులో ఉంది. బాగ్నోల్డ్ దిగి చేత్తో చేసిన పని ఇక్కడ ఒక మీట అయింది.

ఇప్పుడు వరస తిరగబడింది. 16 నుంచి 18, 18 నుంచి 20. పెద్ద బ్రేకులు పట్టాలంటే, మంచి రోడ్డు మీద మలుపుల్లో బండి ఊగకుండా ఉండాలంటే పెద్ద రిమ్ము పనికొస్తుంది, కాదనను. ఎటొచ్చీ ముందు అడగాల్సిన ప్రశ్న వేరు: ఈ బండి ఏ నేల మీద నడవాలి? మట్టీ ఇసుకా అయితే, బ్రేకులకి చోటుపోగా వీలైనంత చిన్న రిమ్ము, దాని మీద ఎత్తైన టైరు.

ఇదంతా బావకి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. చక్రాలు మాత్రం మార్చలేదు, ఫొటోల్లో బాగున్నాయట. ఈసారి సూర్యలంక వెళ్తే రోడ్డు మీదే ఆపి నడుచుకుంటూ పోదామన్నాడు. నేలని బట్టి చక్రం ఎంచుకోమన్నాను నేను. ఆయన చక్రాన్ని బట్టి నేలని ఎంచుకున్నాడు. లెక్క తప్పలేదు.