చెయ్యి బాగుపడ్డాక ఏ పని?

పట్టిసీమ శివరాత్రి లాంటి గోదావరి తిరునాళ్లలో చూపులేనివాళ్లకు, కాళ్లు పడిపోయినవాళ్లకు, కుష్ఠు సోకినవాళ్లకు తరతరాలుగా దొరికిన బతుకుతెరువు బిచ్చమే. 1898 నాటి కుష్ఠురోగుల చట్టం కూడా ఆ జబ్బును బిచ్చం వైపు నుంచే చూసింది. బహిరంగంగా అడుక్కునేవాణ్ణి, జీవనాధారం కనబడనివాణ్ణి పట్టుకుని ఆశ్రమంలో ఉంచమంది. డెల్టాలో రామచంద్రపురం కుష్ఠు ఆశ్రమం, నరసాపురం బెథెస్డా ఆసుపత్రి ఇంటివాళ్లు కూడా వెలివేసిన మనుషులను చేరదీశాయి. ఆ సేవను తక్కువ చేయడం తప్పు. కానీ కట్టు కట్టి, అన్నం పెట్టాక ఆ మనిషి ఏ పని చేసి బతకాలన్నది ఎవరి బాధ్యతా కాలేదు. మన దగ్గర పునరావాస కౌన్సెలింగ్ పుట్టింది ఆ ఖాళీలోంచే. ఆ సంగతి మరిచిపోవడం వల్లనే ఈ వృత్తి నేటికీ తన ముఖం తాను గుర్తుపట్టలేకపోతోందని నా వాదన.

ఇందుకు గట్టి సాక్ష్యం వెల్లూరు. 1940ల చివర డాక్టర్ పాల్ బ్రాండ్ అక్కడ కుష్ఠుతో ముడుచుకుపోయిన వేళ్లకు స్నాయువులు మార్చి అమర్చే శస్త్రచికిత్స మొదలుపెట్టారు. వేళ్లు తెరుచుకున్నాయి. కొన్నాళ్లకు కొందరు తిరిగొచ్చి, బాగుపడ్డ చేతిని చూసి ఎవరూ బిచ్చం వేయడం లేదు, పాత జబ్బు తెలిసి ఎవరూ పనీ ఇవ్వడం లేదు అని మొరపెట్టుకున్నారు. శస్త్రచికిత్స గెలిచింది, మనిషి ఓడిపోయాడు. అప్పుడు బ్రాండ్ బృందం వడ్రంగం, బొమ్మల తయారీ నేర్పే కేంద్రం పెట్టింది. స్పర్శ తెలియని వేళ్లతో పనిముట్టు పట్టడం నేర్పాలి, నేను పనికొస్తానన్న నమ్మకం కలిగించాలి, పని ఇచ్చేవాడి భయం పోగొట్టాలి. ఈ మూడూ విడివిడి పనులు కావు. ఒకటి తప్పితే మిగతా రెండూ నిలవవు.

ప్రభుత్వం ఈ దారిలోకి రాకపోలేదు. 1968లో బొంబాయితో పాటు హైదరాబాద్‌లో వృత్తి పునరావాస కేంద్రం వెలిసింది. 1984లో సికింద్రాబాద్‌లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ వచ్చింది. చిక్కు 1992 నాటి భారత పునరావాస మండలి చట్టంతో వచ్చింది. దాని కింద పునరావాస నిపుణులను పదహారు తరగతులుగా గుర్తించారు. పునరావాస కౌన్సెలర్‌ను పరిపాలకులతో కలిపి ఒక వరుసలో, వృత్తి సలహాదారును ఉద్యోగాధికారులతో కలిపి మరో వరుసలో పెట్టారు. మనసుతో మాట్లాడేవాడొకడు, పని చూపించేవాడొకడు అయ్యారు. వెల్లూరులో ఒక్కటిగా నడిచిన పని కాగితం మీద రెండుగా చీలింది. అమెరికాలో 1920 చట్టంతో వృత్తి పునరావాసంగా మొదలైన ఈ రంగంలోనూ ఇదే పెనుగులాట ఉంది. అక్కడ 2017లో పునరావాస కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ, సాధారణ కౌన్సెలింగ్ కోర్సుల సంస్థలో కలిసిపోయింది.

సైకాలజిస్టులు, సామాజిక కార్యకర్తలు ఉండగా మరొకరెందుకని అడిగేవారున్నారు. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం రకరకాల కౌన్సెలర్లకు చోటిచ్చింది కాబట్టి ఈ ప్రశ్నకు ఇప్పుడు బలం పెరిగింది. నా జవాబు ఇది: వాళ్ల చదువు మనసు మీద, కుటుంబం మీద. కాలు పోయిన పడవ సరంగు ఏ పనికి మళ్లగలడో తేల్చాలంటే శరీరం, పనిముట్టు, ఊళ్లోని సంపాదన మార్గాలు మూడూ కలిపి తెలియాలి. ఊళ్లో బంధువులు, వికలాంగుల సంఘాలు ఇవన్నీ చూసుకోవా అన్నది ఇంకో అభ్యంతరం. ఇందులో నిజముంది. ధైర్యం చెప్పడంలో తోటి వికలాంగుణ్ణి మించినవారు లేరు. అయితే ఏ పరికరం ఎక్కడ దొరుకుతుందో, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వోద్యోగాల్లో ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్‌ను ఎలా అందుకోవాలో చెప్పడానికి శిక్షణ కావాలి. సంఘాల్లోంచే అలాంటివారిని తయారుచేస్తే రెండు లోట్లూ తీరతాయి.

పింఛను చాలదా అన్నది అన్నిటికన్నా బరువైన మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో వికలాంగుల పింఛను రూ. 3,000 నుంచి రూ. 6,000 అయింది. అది హక్కు, దాన్ని తగ్గించమనే ఏ వాదనా నాకు సమ్మతం కాదు. కానీ ఆ పింఛనుకు దారితీసే సదరం క్యాంపు కొలిచేది వైకల్య శాతాన్నే. అది నలభైకి చేరిందా లేదా అన్న దగ్గరే దాని పని ముగుస్తుంది. పట్టిసీమ నుంచి కూలి మానుకుని, తోడు ఒకర్ని వెంటబెట్టుకుని క్యాంపుకు వెళ్లే మనిషి ప్రభుత్వ నిపుణుడికి ఎదురుపడే అరుదైన రోజు అది. డాక్టరు శాతం రాశాక, ఇంతవరకు ఏం పని చేశావు, ఇక ఏం చేయాలని ఉంది అని అడిగి రాసుకునే మనిషిని ఆ పక్క గదిలోనే కూర్చోబెట్టాలి. పునరావాస కౌన్సెలర్ ఉద్యోగం ముందు అక్కడే మొదలవ్వాలి.