తాలూకా కచేరీ నుంచి కంది దాకా

తాండూరులో ఎవరికైనా రిమాండ్ పడితే ఇంటివాళ్లు ముందు అడిగేది ఏ జైలుకు పంపారనే. సంగారెడ్డి అంటే కష్టమే. నిజాం కాలం నుంచీ తాండూరుకు, వికారాబాద్‌కు రైలుంది గానీ సంగారెడ్డికి లేదు. బస్సులు మారి, సంగారెడ్డి దాటి, జైలున్న కంది చేరాలి. ఆధార్ కార్డు చూపించి, పేరు రాయించి, ములాఖత్ పిలుపు కోసం కూర్చోవాలి. మాట్లాడేది కొద్ది నిమిషాలు. ఆ రోజు కూలి పోయినట్టే.

పూర్వం జైలంటే విచారణ తేలేదాకా మనిషిని ఉంచే చోటు. ఏళ్ల తరబడి బంధించడమే శిక్ష కావడం బ్రిటిష్ హయాంలో స్థిరపడింది. జైళ్లపై మెకాలే చొరవతో వేసిన కమిటీ 1838లో నివేదిక ఇచ్చింది, 1846లో ఆగ్రాలో మొదటి సెంట్రల్ జైలు వెలిసింది. నిజాం రాజ్యంలో చంచల్‌గూడ జైలు 1876 నాటిది, వరంగల్‌ది 1886 నాటిది. విచారణ ఖైదీలకు, చిన్న శిక్షలకు తాలూకా కేంద్రాల్లో సబ్‌జైళ్లు ఉండేవి. కచేరీ, కోర్టు, జైలు కూతవేటు దూరంలోనే.

ఖైదీలు తక్కువగా ఉన్నారని తెలంగాణలో పలు సబ్‌జైళ్లు మూసేశారు. ముషీరాబాద్ జైలు స్థలంలో గాంధీ ఆసుపత్రి లేచింది. వరంగల్ జైలును 2021లో ఆసుపత్రి కోసమే కూల్చారు. 1796 నాటి సంగారెడ్డి పాత జైలు 2016లో మ్యూజియమైంది. 500 రూపాయలు కడితే ఖద్దరు బట్టలు, పళ్లెం, పరుపు ఇచ్చి ఒక రోజు ఖైదీలా ఉండనిచ్చారు. ఎప్పుడు బయటపడతామో తెలియని బెంగ మాత్రం ఆ 500కు రాదు.

2022 చివరికి దేశంలోని జైళ్లలో 4,36,266 మందికి చోటుంటే 5,73,220 మంది ఉన్నారు. నాలుగింట మూడొంతులు విచారణ ఖైదీలే. తెలంగాణ జైళ్లు అంత కిక్కిరిసి లేవు. మనవాళ్లను కుంగదీసేది దూరం, జాప్యం. 2024లో అధికారులపై దాడి జరిగిందన్న లగచర్ల కేసులో సంగారెడ్డి జైల్లో ఉన్న ఒక రైతును బేడీలతో ఆసుపత్రికి తీసుకెళ్లడం రాష్ట్రమంతా చూసింది. శిక్షే పడని మనిషికి ఆ బేడీలేమిటి? విచారణ ఖైదీని కోర్టుకు దగ్గరగా ఉంచాల్సిందే.

జాప్యం సంగతికొస్తే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 479వ సెక్షన్ ప్రకారం, అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే బాండుపై విడుదల కావచ్చు. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు. గడువు నిండగానే కోర్టుకు రాయాల్సింది జైలు సూపరింటెండెంటే. మీవాళ్లెవరైనా లోపలుంటే, ఈసారి ములాఖత్‌కు వెళ్లినప్పుడు ఆ తేదీ ఎప్పుడో అడగండి.