స్థాలీపులాక న్యాయము

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు గృహిణి కుండెడు మెతుకులను పట్టిచూడదు; ఒక్క మెతుకు చాలును. దీనినే పూర్వులు స్థాలీపులాక న్యాయమనిరి. అయితే ఆ మెతుకు చాలుటకు కారణము, కుండలోని నీరును వేడియు అన్నిటికిని సమముగా తగులుటయే. గోనెసంచిలోని విత్తనములకు అట్టి సమత్వము లేదు. అచ్చట నెన్ని చూడవలెను? ఎన్ని చెడియున్న త్రోసివేయవలెను?

ఈ ప్రశ్నను గణితమునకు లోబరచినవారు అమెరికాలోని బెల్ టెలిఫోను ప్రయోగశాలవారు. 1929లో డాడ్జి, రోమిగు అనువారు మచ్చు చూచి సరకు నంగీకరించు పద్ధతిని ప్రకటించిరి. మచ్చు ఒక్కొక్కప్పుడు మోసపుచ్చక మానదు. మంచి సరకు త్రోయబడిన ఉత్పత్తిదారునకు నష్టము. చెడ్డది అంగీకరింపబడిన కొనువానికి నష్టము. ఈ రెంటిని ముందుగానే లెక్కగట్టుట వారి ఘనత. వారి సహచరుడగు షూహార్టు మహలనోబిసుగారి యాహ్వానమున 1947-48లో మన దేశమునకు వచ్చి ఈ విద్యకు ప్రోత్సాహము కలిగించెను.

ఇక గద్వాలను చూతము. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ నడిగడ్డలో రైతులు సంకరజాతి పత్తివిత్తనము పండింతురు. సాయంకాలము మొగ్గల కేసరములను గిల్లివేసి, మరునాటి యుదయమున మగపూవుల పుప్పొడి రాయుదురు. గిల్లుట తప్పిన మొగ్గ తన పుప్పొడితోనే కాయగట్టును. ఆ గింజ సంకరము కాదు. అందుచే మచ్చుగింజలను పొలమున మొలిపించి, కల్తీమొక్కలను లెక్కింతురు. సంకరపత్తికి ప్రభుత్వ ధ్రువీకరణ ప్రమాణము నూటికి 90 పాళ్ల శుద్ధి.

400 మొక్కలు చూచి, 360 మేలైనవి కానిచో త్రోసివేయుదురనుకొందము. నిజముగా నూటికి 91 పాళ్లు శుద్ధమైన విత్తనము సైతము ఇంచుమించు అయిదింట నొకసారి తప్పును. 88 పాళ్లదే యైనను ఎనిమిదింట నొకసారి నెగ్గును. మొదటిదానివలన గద్వాల రైతు కుటుంబపు కష్టము మట్టిపాలగును. రెండవదానివలన నాగరుకర్నూలులో ఆ విత్తనము కొన్న రైతు చేను చెడును. 1600 మొక్కలు చూచిన, మొదటి తప్పు పదుమూడింట నొకటికి తగ్గును. మచ్చు నాలుగింతలైనగాని అంచనాలోని పొరపాటు సగము కాదు.

కావున పరీక్షలో తప్పిన రైతును వెంటనే మోసగాడనుట న్యాయము కాదు. మచ్చును రైతు కన్నులయెదుటనే సంచులన్నిటినుండి తీయవలెను. ఎన్ని మొక్కలు చూచిరో, ఎన్ని తప్పెనో వ్రాసి యీయవలెను. హద్దునకు చేరువగా తప్పినవానికి రెండవ పరీక్ష యుండవలెను. మెతుకు పట్టిచూచు చేతికి ధర్మము తోడుగా నున్నగాని గణితము న్యాయము కాజాలదని మా తలంపు.